గీత బయట సున్నాలు

"నా చుక్క ఏదీ?" అని అత్తగారు అడగడం అది నాలుగోసారి.

"పన్నెండు వందల చుక్కలున్నాయి అత్తయ్యా. వాటికి పేర్లుండవు" అంది కోడలు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

"పేరెందుకే? నా చీటీ ఉందిగా!"

అత్తగారు కళ్ళజోడు పెట్టె తెరిచి, నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి బల్ల మీద పరిచింది. ముప్పై ఒక్కేళ్ళు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. చేతికిచ్చిన చీటీ పారేయడమన్నది ఆవిడ ఒంట్లో లేదు. సర్వే పిల్ల ఇచ్చిన రసీదు అది. మీద 417 అని అచ్చు వేసి ఉంది.

బుధవారం సాయంత్రం. వంటింటి బల్లకి ఒక పక్క వలిచిన బఠాణీ తొక్కలు, ఒక పక్క ల్యాప్‌టాప్. కోడలు పత్రికాఫీసులో అంకెలకు బొమ్మలు గీస్తుంది. ఈ నెల్లాళ్ళూ గీసినవన్నీ చుక్కలే కాబట్టి ఆఫీసులో ఆమెకి చుక్కలమ్మ అని పేరు పడిపోయింది. ఎన్నికలు పది రోజుల్లో ఉన్నాయి. ఊళ్ళో పన్నెండు వందల గడపలకి మనుషుల్ని పంపి ఇరవై ప్రశ్నలు అడిగించారు. ఒక్కో జవాబుకీ ఒక అంకె. ఒకటంటే ససేమిరా వద్దు, అయిదంటే కావాల్సిందే, మూడంటే ఎటైనా సరే. అవే ఇరవై ప్రశ్నలకీ గొడుగు పార్టీ, గంట పార్టీ, తాళంచెవి పార్టీ ఏమంటున్నాయో వాళ్ళ వాగ్దానాల పుస్తకాల్లోంచి ఏరి ఎడిటర్ గారు స్వయంగా అంకెలు వేశారు. మనిషి అంకెలు ఏ పార్టీ అంకెలకి దగ్గరగా ఉంటే ఆ మనిషి చుక్క ఆ పార్టీ గుర్తుకి దగ్గరగా వెళ్ళి కూర్చుంటుంది. ఆదివారం పత్రికలో నిండు పేజీ. అదీ సంగతి.

కోడలు 417 అని కొట్టింది. పటం నడిమధ్యలో ఒక చుక్క ఎర్రగా వెలిగింది.

"ఇదిగో, మీరు."

"దాన్ని ఆనుకుని ఆ నల్లగా ఉన్నదేంటి?"

"గొడుగు."

అత్తగారి చేతిలో బఠాణీ కాయ అట్లాగే ఆగిపోయింది. "నేనా? గొడుగు కిందా? నీ బొమ్మ తగలెయ్య! మా ఇళ్ళు కూల్చేస్తామంటున్న వాళ్ళ పక్కన నన్ను కూర్చోబెడతావుటే?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే 417 వరస తెరిచి చూసింది. ఒకటో ప్రశ్న, మంచినీళ్ళు: అయిదు. రెండు, వీధి దీపాలు: అయిదు. మూడో ప్రశ్న నుంచి మూడు, మూడు, మూడు. కిందిదాకా అంతే. పద్నాలుగో ప్రశ్న, రోడ్డు వెడల్పు చేయడానికి మిల్లు క్వార్టర్లు తీసేయాలా: మూడు.

ఎటైనా సరేనట. ఆ క్వార్టర్లలోనే, ఈ వంటింట్లోనే కూర్చున్న మనిషికి.

"ఇన్ని మూడులు ఎందుకు చెప్పారత్తయ్యా?"

"మూడా? నేనెప్పుడు చెప్పానూ?" అని లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించింది. "ముందు వీధి తలుపు వేసిరా."

కోడలు తలుపు వేసొచ్చింది.

"ఆ పిల్ల మంచిదే. దారి చూపిస్తానని గొడుగాయన వెంటొచ్చాడు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు." గొడుగాయన అంటే ఆ వీధిలో గొడుగు పార్టీ పనులు చూసే మనిషి. ఇళ్ళు తీసేస్తే ఎవరికి వేరే చోట ఇల్లివ్వాలో జాబితా రాసేది కూడా ఆయనే. "నీళ్ళు చెప్పాను, దీపాలు చెప్పాను. తర్వాతవి అడుగుతుంటే ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. వదిలెయ్యమ్మా, అవేం రాయకు అన్నాను. ఆ పిల్ల పెన్నుతో అడ్డగీతలు పెట్టుకుంది. అంతే. మూడూ లేదు, ముప్పయ్యీ లేదు."

"సరే, ఇప్పుడు మనిద్దరమేగా. పద్నాలుగోదానికి మీ జవాబేంటో చెప్పండి."

"చెప్పను."

"నాకు కూడానా?"

"ఈ క్వార్టర్ల గోడలు పల్చన. పక్కింటి వాళ్ళు తుమ్మితే మనం చిరంజీవ అంటున్నాం" అంది అత్తగారు. మళ్ళీ తల వంచుకుని బఠాణీలు వలిచింది. ఆమె వేళ్ళు మామూలు కన్నా తొందరగా కదులుతున్నాయి.

*

గురువారం పొద్దున్న ఆఫీసులో గోడకి పేజీ నమూనా అంటించి ఉంది. పైన అరచేతి మందాన శీర్షిక: ఊరు మధ్యలోనే ఉంది. కింద పటం. గంట గుర్తు దగ్గర కొన్ని చుక్కలు, తాళంచెవి దగ్గర కొన్ని, మధ్యలో గొడుగు చుట్టూ మాత్రం చీమల పుట్టే.

నిన్నటిదాకా ఆ గుంపును చూసి చుక్కలమ్మ మురిసిపోయింది. అంత నిండుగా, అంత అందంగా వచ్చింది బొమ్మ. ఇవాళ అదే గుంపులో కళ్ళు అత్తగారి చుక్క కోసమే వెతికాయి.

కుర్చీ లాక్కుని కూర్చుని లెక్క తీసింది. మిల్లు క్వార్టర్ల నుంచి వచ్చిన ఫారాలు రెండు వందల పన్నెండు. అందులో పద్నాలుగో ప్రశ్నకి మూడు ఉన్నవి నూట అరవై ఎనిమిది. ఊళ్ళో ఇంకే వీధిలోనూ ఆ ప్రశ్నకి అన్ని మూడులు లేవు. క్వార్టర్లకి ఆమడ దూరంలో ఉన్నవాళ్ళు తీసేయమనో ఉంచమనో తెగేసి చెబుతున్నారు. నెత్తిన కప్పు పోయే వాళ్ళు మాత్రం ఎటైనా సరే అంటున్నారు! చిన్నపిల్లలకి చెప్పినా నమ్మరు. నెల్లాళ్ళుగా తనకి కనబడలేదేం? చుక్కలు చూసింది గానీ వరసలు ఎప్పుడు చూసింది కనుక.

గొడుగు పార్టీ అంకెలు కూడా తీసి చూసింది. ఇరవైలో పదమూడు మూడులు. వాళ్ళ పుస్తకం నిండా ఉన్నది ఒక్కటే మాట, పరిశీలిస్తాం. పరిశీలిస్తాం అన్నచోటల్లా ఎడిటర్ గారు మూడు వేశారు. నోరు విప్పని పార్టీ పక్కన నోరు విప్పలేని జనం వెళ్ళి కూర్చున్నారు. పటం చేసిన పని ఇదన్నమాట.

కాగితం పట్టుకుని ఎడిటర్ గారి గదిలోకి వెళ్ళింది.

ఎడిటర్ గారికి మాట్లాడే ముందు పెన్సిల్‌ని చెవి మీంచి తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకునే అలవాటు. ఆమె చెప్పిందంతా విన్నారు. పెన్సిల్ తీశారు, పెట్టారు.

"చెప్పనివాడంటే ఎటూ కానివాడేగా అమ్మా?"

"కాదు సార్. ఎటైనా సరే అని చెప్పడం వేరు, నోరు మూసుకోవడం వేరు. గుమ్మంలో ఆయన నిలబడి ఉంటే వాళ్ళేం చెబుతారు?"

"ఎవరన్నారు?"

"మా అత్తగారు."

"మీ అత్తగారు" అన్నారు ఎడిటర్ గారు తాపీగా. "ఫైల్లో ఉన్నది మూడు. అడిగితే చెప్పిన మూడుకీ, అడక్కుండా పడిన మూడుకీ ఏమైనా తేడా కనిపిస్తోందా నీకు? లేదు. రేపు సాయంత్రం నాలుగింటికి పేజీ అచ్చుకెళ్ళాలి. మున్సిపల్ ఛైర్మన్ గారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఆదివారం పేపరు రెండు వందల కాపీలు విడిగా కావాలట. సోమవారం కౌన్సిల్లో క్వార్టర్ల తీర్మానం ఉంది. క్వార్టర్ల వాళ్ళకే అభ్యంతరం లేదని మన పేజీ ఎత్తి చూపిస్తారు."

"మరందుకే కదా సార్ నేను..."

"అందుకే నేనూ అడుగుతున్నాను. రుజువు తీసుకురా. ఒక్క ఆడమనిషి మాట పట్టుకుని పేజీ మార్చాననుకో, గొడుగు వాళ్ళు నా చర్మం ఒలుస్తారు. రుజువు తెచ్చావా, నేనే దగ్గరుండి మారుస్తాను." ఆమె గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అన్నారు, "అన్నట్టు, నీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం సోమవారమే పైకి పంపుతున్నాను. కాస్త ఈ రెండు రోజులూ గొడవ లేకుండా చూసుకో తల్లీ."

ఆయన బెదిరించలేదు. మంచికే చెప్పారు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది ఆమెకి.

*

శుక్రవారం ఆఫీసుకి పోకుండా నేరుగా సర్వే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. బట్టల దుకాణం పైన రెండు గదులు. ఒక గదిలో ఫారాల కట్టలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. రెండో గదిలో అంకెలు ఎక్కించే కంప్యూటర్లు.

క్వార్టర్లకి వచ్చిన సర్వే అమ్మాయి అక్కడే ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఎండలో తిరిగి తిరిగి ముక్కు మీద తోలు ఊడిపోయింది. సంగతి వినగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"నేను మూడు వెయ్యలేదక్కా. ఒట్టు. చెప్పను అన్నవాళ్ళకి అడ్డగీతే పెట్టాను. కావాలంటే చూడండి."

ఇద్దరూ నేల మీద కూర్చుని క్వార్టర్ల కట్ట విప్పారు. 417 పైకి తీశారు. మంచినీళ్ళకి అయిదు, దీపాలకి అయిదు, అక్కడి నుంచి కిందిదాకా పొట్టి అడ్డగీతలు. తర్వాతి ఫారం కూడా అంతే, దాని తర్వాతదీ అంతే. కొన్నిచోట్ల గీత వణికింది, నిలబడి రాసినట్టు. ఒకదాని అంచున చిన్న అక్షరాల్లో 'ఏడ్చింది' అని రాసి ఉంది. 

రెండు గంటలు లెక్కపెట్టారు. సగానికి పైగా గీతలున్న ఫారాలు క్వార్టర్లలో నూట అరవై ఒకటి. పద్నాలుగోదానికి నిజంగా మూడు చెప్పినవాళ్ళు ఏడుగురు. మిగతా కట్టలన్నీ తిరగేస్తే, మిగిలిన ఊరంతా కలిపి అలాంటి గీతల ఫారాలు ఇంకో పంతొమ్మిది.

"మరి మూడులు ఎక్కడ పుట్టాయి?" అంది చుక్కలమ్మ. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. "ఎవడీ పని చేసింది? నూట అరవై మంది నోట్లో మాట పెట్టాడు, ఎవడు వాడు? గొడుగు వాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నాడు?"

సర్వే అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. ఏదో చెప్పబోయి మానేసింది.

"చెప్పు. నీకేం భయం లేదు."

"రండక్కా" అంది ఆ పిల్ల.

రెండో గదిలో కంప్యూటరు బల్లకి అద్దం పరిచి ఉంది. అద్దం కింద క్యాలెండరు, టెలిఫోన్ నంబర్లు, వాటి మధ్య ఒక పసుప్పచ్చ చీటీ.

"మీరు రాసిచ్చిందేగా" అంది మెల్లిగా.

ఖాళీ ఉంటే 3 కొట్టండి. లేకపోతే చుక్క చెదిరిపోతోంది.

నీలం సిరా. పైన బల్లపరుపు గీతతో మొదలయ్యే ఆ మూడు ప్రపంచంలో ఇంకెవరూ రాయరు.

 నిమిషం పట్టింది చుక్కలమ్మకి గుర్తు రావడానికి. మొదటి వారం. బంగళాల వీధి ఫారాలు వచ్చాయి. ఎక్కడో ఒకటి రెండు ఖాళీలు. ఖాళీ తగిలినప్పుడల్లా ఆ మనిషి చుక్క పటంలోంచి ఎగిరి కింద ఎడమ మూలకి వెళ్ళి పడేది. బొమ్మ పాడవుతోందని విసుక్కుంటూ, టీ తాగుతూ తాగుతూ రాసి పంపించిన చీటీ. పంపించింది, మర్చిపోయింది. ఒకటి రెండు ఖాళీలకి ఏమీ కాలేదు. చివర్లో క్వార్టర్లు వచ్చాయి.

ఎవడు వాడు, ఎవడు వాడు అని రెండు రోజుల నుంచి పళ్ళు నూరుతోంది. వాడు లేడు. తనే.

"అక్కా" అంది సర్వే అమ్మాయి. "ఇప్పుడు దీన్ని మా మీదకి తోసేస్తారా?"

చుక్కలమ్మ అద్దం ఎత్తి చీటీ తీసుకుంది. జేబులో పెట్టుకుని, క్వార్టర్ల కట్ట చంకన ఎత్తుకుంది. 

*

రెండూ నలభైకి ఎడిటర్ గారి బల్ల మీద క్వార్టర్ల కట్ట దించింది. ఆయన బొటనవేలు తడిచేసుకుని ఒక్కో ఫారం తిప్పారు. పదో ఫారం దగ్గర పెన్సిల్ తీశారు. ఇరవయ్యో ఫారం దగ్గర దాన్ని చెవి మీద పెట్టడం మర్చిపోయారు. ఏడ్చింది అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నువ్వన్నది నిజమే" అన్నారు. "దరిద్రం. మన పరువు పోయేది. అంతా ఆ సర్వే వాళ్ళ నిర్వాకం. ఆ పిల్లనీ, అంకెలు ఎక్కించిన వాణ్ణీ ఇవాళే తీసెయ్యమంటాను. పటం కింద చిన్న ముక్క వేద్దాం, అంకెలు ఎక్కించడంలో పొరపాటు జరిగిందని. మన మీదకి రాదు."

ఫోను చేతిలోకి తీసుకున్నారు. నంబరు కోసం డైరీ తిప్పుతున్నారు.

చుక్కలమ్మ జేబులో చెయ్యి పెట్టుకునే నిలబడింది. వేళ్ళకి చీటీ తగులుతోంది. నోరు మూసుకుంటే చాలు. ఎవరూ అడగలేదు, అడగరు కూడా. సోమవారం కాగితం పైకి వెళ్తుంది, ఏడాది పాటు నిశ్చింత. ముక్కు తోలు ఊడిన పిల్ల ఇంకెక్కడో పని వెతుక్కుంటుంది. వదిలెయ్యమ్మా, అవేం రాయకు. అత్తగారి మాట చెవిలో వినబడింది. ఆవిడ గుమ్మంలో గొడుగాయన ఉన్నాడు, సరే. ఈ గుమ్మంలో ఎవరున్నారు?

ఎడిటర్ గారు నంబరు నొక్కడం మొదలెట్టారు.

"సార్, ఆగండి" అంది. చీటీ తీసి ఫారాల మీద పెట్టింది.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. ఫోను కింద పెట్టారు.

"ఇది నీ చేతిరాత."

"అవును సార్. వాళ్ళు నేను చెప్పిందే చేశారు."

"ఇది నేను చూడలేదనుకుంటాను. తీసి లోపల పెట్టుకో."

"నేను చూశాను కదా సార్" అంది.  కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

 ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఎటో చూస్తూ అన్నారు: "పరిశీలిస్తాం అన్నచోటల్లా మూడు వేసింది నేను. అదీ ఖాళీయేగా అసలు." పెన్సిల్ కోసం చెవి తడుముకున్నారు, అది బల్ల మీద ఉంది. "టైమెంత?"

"మూడూ అయిదు."

"ఏం చేద్దామంటావ్ వీళ్ళని? తీసేద్దామా?"

"తీసేస్తే లేనట్టే అవుతుంది సార్. ఉన్నారుగా." గోడ మీది నమూనా దగ్గరికి వెళ్ళి, పటం చుట్టూ ఉన్న గీత బయట, కుడిపక్క తెల్లగా వదిలిన చోట పెన్నుతో ఒక సున్నా చుట్టింది. దాని పక్కన ఇంకొకటి. "చుక్కలు కాదు. సున్నాలు. ఎవరి దగ్గరా కూర్చోబెట్టను. బయటే నిలబెడతాను, నూట ఎనభై మందినీ."

మూడూ యాభై రెండుకి పేజీ సిద్ధమైంది. గొడుగు చుట్టూ ఉన్న గుంపు సగానికి పైగా కరిగిపోయింది. శీర్షిక పీకేసి ఎడిటర్ గారు కొత్తది కొట్టారు: చెప్పనివాళ్ళు నూట ఎనభై మంది. వాళ్ళలో నూట అరవై ఒక్కరు ఒకే పేటలో ఉన్నారని, అడిగేటప్పుడు గుమ్మంలో ఒక పార్టీ మనిషి నిలబడి ఉన్నాడని కింద రాశారు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉన్న రెండు వాక్యాలు మాత్రం చుక్కలమ్మ రాసింది: 'మొదట ఈ పటంలో ఖాళీ జవాబులకు మూడు వేయించాం. వేయమన్నది పటం గీసిన మనిషి, సర్వే చేసినవాళ్ళు కాదు.'

"ఈ ముక్క వేస్తే నీ కాగితం గురించి నేను మాటివ్వలేను" అన్నారు ఎడిటర్ గారు.

"తెలుసు సార్" అంది. మీట నొక్కింది. పేజీ వెళ్ళిపోయింది.

*

ఆదివారం పొద్దున్న అత్తగారు వంటింటి బల్ల మీద పేపరు పరిచి, సున్నాలన్నిటి మీదా వేలు పెట్టి నడిపించింది.

"ఇందులో నాదేదీ?"

"తెలీదత్తయ్యా. అన్నీ ఒక్కలాంటివే గీశాను. నంబర్లు కూడా చెరిపేశాను. నేను వెతికినా దొరకదు."

"నీకే దొరకదా?" అత్తగారు అనుమానంగా చూసి, కిందికి వంగి చిన్న అక్షరాలు కూడా చదివింది. పెదవులు కదుపుతూ చదివింది. చదివి కోడలి వైపు తలెత్తింది. "వేయమన్నది నువ్వా?"

"నేనే."

అత్తగారు టీ గ్లాసు ఆమె వైపుకి జరిపింది.

అప్పుడే వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. గొడుగాయన. చేతిలో అదే పేజీ, నాలుగు మడతలుగా. వీధంతా తిరిగొస్తున్నట్టున్నాడు, చొక్కా చెమటకి తడిసి ఉంది. చుక్కలమ్మ లేచి తలుపు వేయబోయింది.

"ఉండవే" అంది అత్తగారు. "తలుపు తీసే ఉంచు."

గొడుగాయన గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఏమ్మా, బాగున్నావా? చూశావుగా పేపరు. మన వీధిలో ఇంతమంది నోరు మెదపలేదట, నేనుండబట్టేనట! నేనేమన్నా పులినా? అవతల జాబితా రాయాల్సినవాణ్ణి, ఎవరేంటో తెలియాలి కదా. పెద్దదానివి, నువ్వైతే అబద్ధం చెప్పవు. ఈ సున్నాల్లో నీది ఉందా?"

"ఉంది" అంది అత్తగారు.

ఆయన నవ్వు ఆగింది. "ఏదీ?"

"నూట ఎనభై ఉన్నాయి నాయనా. వెతుక్కో."

పక్కింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. క్వార్టర్ల గోడలు పల్చన కదా. గొడుగాయన పేపరు విప్పాడు, సున్నాల వైపు చూశాడు, మళ్ళీ మడతపెట్టాడు.  గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు.

అత్తగారు కళ్ళజోడు పెట్టెలోంచి నాలుగు మడతల చీటీ తీసింది. బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది.  

"పెన్ను తియ్యవే" అంది కోడలితో. "మొన్న అడిగావుగా. మళ్ళీ అడుగు."

"అత్తయ్యా..."

"అడగమంటుంటే!"

చుక్కలమ్మ పెన్ను తీసింది.  సర్వే పిల్ల చదివినట్టే ప్రశ్న పూర్తిగా అడిగింది. "పద్నాలుగో ప్రశ్న. రోడ్డు వెడల్పు చేయడానికి మిల్లు క్వార్టర్లు తీసేయాలా?"

"ఒకటి" అంది అత్తగారు, గుమ్మంలో ఉన్న మనిషి మొహంలోకి చూస్తూ. "వద్దు. ససేమిరా వద్దు. రాసుకో."

పక్కింటి గోడ అవతల నవ్వు ఆగిపోయింది. క్షణం తర్వాత అక్కడి నుంచి ఒక ముసలి గొంతు "నాది కూడా రాయమ్మా, ఒకటి" అంది.

చుక్కలమ్మ రాసుకుంది.